హీరో తన్నిన బండ

హీరో కాలితో తన్నగానే బండ జారాలి. ఫిల్మ్ నగర్ గుట్ట మీద మూడుసార్లు తన్నినా అది కదలలేదు. ఈ సినిమాలో ఇక తన పని పోయినట్టేననుకుంటూ కళాదర్శకుడు మేస్త్రిని పక్కకు పిలిచాడు.

"పొద్దున దానంతటదే జారిందన్నావు కదయ్యా?"

"జారింది సార్. కింద కంకర పోసినం గద, రాయికి రాయి పట్టుకొని మొండికేస్తది. పక్కన జనరేటర్ ఆడుతుంటే జర వణికి పట్టు ఇడిసింది."

"మరి ఇప్పుడేమైంది?"

"చప్పుడుకు తలనొప్పి లేస్తదని హీరో సారు దాన్ని దూరం పెట్టించిండు."

"వెంటనే తెప్పించు. ఆయన కాలెత్తగానే ఆన్ చెయ్యి. ఎవరికీ చెప్పకు."

నాలుగోసారి బండ దడదడా జారిపోయింది. కళాదర్శకుడు ఊపిరి పీల్చుకున్నాడు.

"ఏమంటున్నారయ్యా హీరోగారు?"

"మస్తు ఖుషీగున్నడు సార్. రేపు గుట్టనే తంతడట. గీ జనరేటర్ సాలదు."