కొత్తలకు ముందు తెరిచిన షెడ్డు

“ఈ షెడ్డు మీది. దీంట్లకెళ్లి ఒక్క మేకు గూడ మీ ఊరు దాటి పోదు.” ఇగో, గిట్లనే అన్నడు అప్పటి ఆఫీసు పెద్దసారు, ఇప్పుడు నువ్వు కుర్చీ ఏసుకున్న జాగలనే నిలబడి. రాసుకున్నవా శ్రావణీ? నీ అర్జీల ముందు అదే రాయి. మిగిలింది చెప్తా, తొందరపెట్టకు. హరిప్రసాద్ ఎవరని అడిగినవు గదా, అదీ ఇదీ ఒక్కటే ముచ్చట.

పెనుబల్లి దిక్కు పిలగాడు. నీ ఈడే ఉంటడు అప్పటికి. సన్నగ, పొడుగ్గ, సంచి నిండ పుస్తకాలు. ఇద్దరు కూసున్నా వానికి మీటింగే. “యంత్రం ప్రజల చేతికి రావాలె! శ్రమకు సింహాసనం కావాలె!” అంటుండె. మా ముత్తక్క జావ పోసుకుంట, “సింహాసనం సంగతి తర్వాత చూద్దాం గానీ అయ్యా, ముందు ఆ పీట మీద కూసో, జావ చల్లారుతది” అనేది. గట్ల కూసున్నోడు మా ఇంట్లనే ఉండిపోయిండు. అక్క చేతి జావకు ఎవరు లేస్తరు చెప్పు? ఆ కుండ ఇప్పటికీ ఉన్నది, అంచు పగిలింది... ఏం చెప్తున్న? ఆఁ, హరి.

ఇప్పపూలు రాలే కాలం. ఇంకా పూర్తిగ తెల్లారదు, మంచు పొగలెక్క చెట్ల కాళ్లకు చుట్టుకొని ఉంటది. పువ్వు పడ్డ సప్పుడు గూడ వినపడదు, వాసనే చెప్తది పడ్డదని. మేం ఏరుకుంటుంటే హరి పుల్లతోని మట్టిల దేశాలు గీస్తుండె. “బొజ్జయ్య మామా, ఈ భూమ్మీద మన మండలమంత గూడ లేని దేశాలున్నయి. ఒకటి సముద్రం నడుమ, ఒకటి కొండ మీద. వాటిల కొన్ని బాగుపడ్డయి, కొన్ని పడలే. మన ఊరు గూడ గట్లాంటి చిన్న దేశమే.” నాకు నవ్వొచ్చేది. కానీ కండ్లు మూస్తే కనపడేది బిడ్డా. నీళ్ల మీద నాటుపడవ లెక్క ఒక దేశం, దాని మీద తెల్లగ పువ్వు రాలుతా... “మరి కొన్ని ఎందుకు బాగుపడలే?” అన్న. “మిషన్లు లేక మామా” అన్నడు. అప్పుడు గట్లనే అన్నడు, యాది పెట్టుకో.

ఆఫీసుల చుట్టూ తిరిగి తెచ్చిండు మిషను. పచ్చి మామిడికాయ ముక్కలు ఎండబెట్టేది. పర్ణశాల పోయే యాత్రికులకు అమ్ముకోవచ్చని వాని లెక్క. షెడ్డు లేసింది. పెద్దసారు వచ్చి, మేకు మాట చెప్పి, “ఏప్రిల్ రెండు నుంచి కాయ తేవాలె” అన్నడు. అందరం తలలూపినం. ఇంటికొచ్చినోని మొఖం మీద కాదు అనుడు మనకు రాదు గదా. కొత్తల పండుగ ఇంకా కాలేదని, కొత్తలు చేసి, పోయిన పెద్దలకు మొదటి కాయ పెట్టందే మామిడికాయ ముట్టమని ఎవ్వరూ నోరు తెరవలే. మన జావ తాగే పిలగానికి గది తెల్వదా అని మేం. తల ఊపిండ్రు గదా, తెస్తరని వాడు.

ఆ దినం మిషను తిరిగింది. ఒట్టిగనే గుయ్ గుయ్ మని. చుట్టూ చెట్ల నిండ కాయ. పెద్దసారు మొఖం ఎర్రగైంది. “సోమరిపోతులు! నెత్తి మీద కాయ ఏలాడుతుంటే తెంపరా?” హరికి పౌరుషమొచ్చింది. “మూఢనమ్మకాల సంకెళ్లు తెంచుకోండి!” అని అరుసుకుంట పోయి, వాగు గడ్డన మామిడి కొమ్మ వంచి కాయ పట్టుకున్నడు. ముత్తక్క ఎనకనే పోయింది. అరవలే. “తెంపు అయ్యా. కొత్తల్నాడు ఊరంత కూసొని ఏ ఇంటికి ఏ చెట్టో పంచుకుంటం. చెట్టెక్కే మొగోడు లేని ఇంటికి గూడ ఒకటొస్తది. ముందే చెయ్యి పెడితే బలమున్నోడే అన్నీ తెంపుతడు. నువ్వు తెంపితే రేపు అందరూ తెంపుతరు.” వాడు కాయ పట్టుకొనే నిలబడ్డడు. మెల్లగ ఇడిసిపెట్టిండు. కొమ్మ పైకి పోయింది.

కొత్తలైందాక ఆగమని హరే పోయి పెద్దసారును బతిమాలిండు. కొత్తలకు ముందే లారీ వచ్చింది. వాడకం లేదంట. మిషను పోయింది, రేకులు పోయినయి, మేకులు గూడ పీకిండ్రు. ముచ్చటేందంటే, కొత్తలైనంక ఈ వాకిలి నిండ కాయ కుప్పలు. బేరగాడొచ్చి అడ్డికి పావుసేరుగ ఏసుకపోయిండు. హరి ఆ కుప్పల నడుమ కూసొని అన్నడు: “తప్పు చెప్పిన మామా. చిన్న దేశాలు మిషన్లు లేక చెడలే. వాళ్ల పండుగ ఎప్పుడో, వాళ్లు ఎట్ల పంచుకుంటరో అడగకుండ మిషను దింపితే చెడినయి. పెద్ద దేశం ఒక దగ్గర చెడితే ఇంకో దగ్గర సర్దుకుంటది. చిన్న దేశానికి ఇంకో దగ్గర ఏది?”

మిషను మళ్ల తెస్తనని తిరిగి తిరిగి ఆ వానకాలమే జరమొచ్చి పోయిండు. అక్క ఉన్నన్ని దినాలు కొత్తల్నాడు పెద్దలకు పెట్టే ముక్కల పక్కన వానిదొక ముక్క పెట్టింది. ఇప్పుడు నేను పెడుతున్న. ఇప్పపూల ఏళ మంచుల ఎవరో పుల్లతోని మట్టి గీస్తున్నట్టే ఉంటది. దగ్గరికి పోతే ఎవరూ ఉండరు.

నిన్నొచ్చిన కొత్తసారు ఏమన్నడు? షెడ్డు మళ్ల ఏస్తం, ఏప్రిల్ రెండున తెరుస్తం, కాయ రాకపోతే వేరే ఊరికిస్తం అన్నడు. మళ్ల అదే ఏప్రిల్ రెండు! ఊరంత మళ్ల తలూపింది. నువ్వు గూడ చాయ్ పోసి నవ్వినవు, నేను చూసిన. నోటితోని అనలేకపోతే కాయితం మీద అను బిడ్డా. కాదు, కొత్తలైనంకనే తెరవాలె అని రాయి. మర్యాదగనే రాయి, కానీ కాదు అని రాయి. మేకు మాట గూడ ఈసారి సంతకం పెట్టి ఇయ్యమను. కొత్తలు ఎప్పుడో పెట్టుకునేటందుకు ఊరు కూసునే దినానికి వాళ్ల జవాబు మన చేతిల ఉండాలె. ఆ దినం ఎప్పుడంటవా? పెద్దక్షరాలతోని రాయి, మార్చి పదిహేను.