ట్రే తిప్పిన రోజు

"అమ్మమ్మా, రేపటినుంచి నాకు ఆపరేషన్ థియేటర్లో డ్యూటీ వేశారు. అవునూ, తెనాల్లో అంత మంచి పని నువ్వెందుకు మానేశావు? అమ్మనడిగితే తెలీదంటుందేంటి?"

దానికి తెలిస్తేగా చెప్పడానికి! అదప్పుడు ఆరో క్లాసు... కాదులే, ఏడు. నేనే మానేశానని అందరికీ చెప్పుకున్నాం. మానెయ్యలేదే, తీసేశారు. కూర్చో, ఆ ఫ్యాను కాస్త తగ్గించు.

అదో ప్రైవేటు ఆస్పత్రి. థియేటర్లో సిస్టర్ని నేనే. ఇప్పట్లా సిరంజికి పేరు అంటించడం అవీ లేవు మాకు. పొద్దున్నే మందులు సిరంజిల్లోకి ఎక్కించి ట్రేలో పెట్టేసేదాన్ని. ఆ ట్రే ఒక పక్క సొట్టపోయి ఉండేది. సొట్ట పక్క, అంటే ఎడమవైపు, అడ్రినలిన్. గుండె ఆగిపోతే ఇచ్చేది. కుడివైపు అట్రోపిన్. నాడి నెమ్మదిస్తే ఇచ్చేది. రెండూ నీళ్లలాగే ఉంటాయి కదా, చూస్తే ఏం తెలుస్తుంది? ఎనిమిదేళ్లు అలాగే నడిపేశా.

కోటమ్మని, రేపల్లె అవతల సముద్రం పక్క పల్లె ఆవిడది. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగేది. గర్భసంచి తీయించుకోడానికొచ్చింది. బల్ల మీద పడుకుని నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, నా చేతులు చేపల వాసనొస్తన్నయ్యేమో, ఏమనుకోమాక" అంది. నాకంటే పెద్దదే, అయినా అక్కా అంది.

కడుపు తెరిచాక నాడి పడిపోయింది. అప్పుడప్పుడూ అవుతుందిలే అలా. మత్తు డాక్టరుగారు "అట్రోపిన్" అని చెయ్యి చాపారు. తీసిచ్చా. ఇదీ మందు అని నేను చెప్పలా, ఏంటిది అని ఆయన అడగలా. ఎక్కించేశారు.

నిమిషం కూడా కాలేదు తల్లీ. గుండె పరిగెత్తింది, అడ్డదిడ్డంగా కొట్టుకుంది, ఆగిపోయింది. మత్తు డాక్టరుగారు తన పెట్టెలోంచి అడ్రినలిన్ తీసి ఎక్కించారు, ఛాతీ మీద నొక్కుతూనే ఉన్నారు, చేతులు మార్చుకుని మార్చుకుని... లాభం లేకపోయింది.

తర్వాత ట్రే కడుగుదామని తీశా. మిగిలిన సిరంజి ఉంది చూడు, అది సొట్టకి ఎదురుపక్క ఉంది. అంటే అట్రోపిన్ ఎక్కడిదక్కడే ఉంది, నేనిచ్చింది అడ్రినలిన్. రక్తం పీల్చే మిషనుకి చోటు చాలక పొద్దున ట్రే తిప్పి పెట్టింది నేనే, సొట్ట కుడివైపుకొచ్చేసింది. చెయ్యి మాత్రం అలవాటుగా కుడివైపుకే పోయింది.

నేనూ మత్తు డాక్టరుగారూ వెళ్లి, ఆస్పత్రి నడిపే పెద్ద డాక్టరుగారికి చెప్పాం. "ఇద్దరూ నోరు మూసుకోండి" అన్నారు. బయటికెళ్లి కోటమ్మ మొగుడు నాగయ్యతో, "గుండె జబ్బుందయ్యా ఆవిడకి, మీకు చెప్పలేదా?" అన్నారు. ఆ మనిషి మా అందరికీ చేతులెత్తి దణ్ణం పెట్టాడు, కష్టపడ్డారని. నాక్కూడా పెట్టాడే.

ఆ పది రోజులూ నేను మనిషిని కాదు. చివరికి మీ తాతయ్యకి చెప్పా. "ఉద్యోగం పోతుంది. పోలీసులు కూడా రావచ్చు" అన్నాడు. మళ్లీ ఆయనే, "పద, నేనూ వస్తా" అన్నాడు. రేపల్లె దాకా రైలు, అక్కణ్నుంచి బస్సు, తర్వాత ఇసకలో నడక.

నాగయ్య ఇంటి ముందు కూర్చోనున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పేశా. కొడతాడనుకున్నా. కొడితే బాగుండేది.

"అయితే గుండె జబ్బేం లేదా దానికి?" అన్నాడు.

"లేదన్నా. గట్టి మనిషి. తప్పు నాది."

"పది రోజుల్నించీ తిడతన్నానమ్మా దాన్ని. ఇంత జబ్బెట్టుకుని నా దగ్గర దాచావేంటే అని. పిల్లల ముందే తిట్టా..." అని తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు.

వాళ్ల పెద్దపిల్ల లోపల్నించి వచ్చి, "ఇంక వెళ్లండి" అంది. వచ్చేశాం. క్షమించమని నేనడగలా, క్షమించానని అతను అనలా. కేసూ పెట్టలా. ఎందుకు పెట్టలేదో నాకిప్పటికీ తెలీదు.

పెద్ద డాక్టరుగారికి తెలిసి మర్నాడే పొమ్మన్నారు. తర్వాత బాపట్లలో చేరా. అక్కడ ప్రతి సిరంజికీ ప్లాస్టరు ముక్క అంటించి పేరు రాసేదాన్ని. చేతికిచ్చే ముందు పైకి చదివేదాన్ని, అవతలివాళ్లు తిరిగి చెప్పిందాకా వదిలేదాన్ని కాదు. "ఏంటి సిస్టరూ, బడిపిల్లల్లాగా" అని నవ్వేవాళ్లు. నవ్వనీ. ఒక్క మనిషికి ముందే ఆ పని చేసుంటే... ఆఁ, ఏం చెప్తున్నా?

నువ్వు మొహమాటపడమాక తల్లీ, ఎంత పెద్ద డాక్టరైనా సరే. నీ దగ్గరికొచ్చిన ప్రతి మనిషీ నడుచుకుంటూ ఇంటికెళ్లాలి. దేవుడు నీకు ఆ ధైర్యం ఇవ్వాలి. వెళ్లు, వెళ్లి పడుకో.