ఇంటర్వ్యూకి ముందు కొత్త డ్రైవ్

తెల్లాపూర్‌లో ఓ ఫ్లాటు. టేబుల్ మీద విప్పిన లాప్‌టాప్, దాని ముందు మొగుడూ పెళ్ళాం.

"కొత్త ఎస్‌ఎస్‌డీ డ్రైవ్ వేసినా లేవట్లేదేమండీ? అసలు డిస్కే లేదంటోంది. మధ్యాహ్నం నా ఇంటర్వ్యూ, పిల్లలు పుట్టాక మొదటిది!"

"కంగారుపడకు. నిన్న బాగానే లేచింది."

"తర్వాత కదిపారా?"

"పొద్దున ఒకసారి తీసి పెట్టాను."

"ఎందుకట? ఆ డ్రైవ్ తీసి ఇలా ఇవ్వండి. దీని చివర ఈ బంగారు రంగు పళ్ళ మీద ఎర్రగా ఏమిటిది?"

"కుంకుమ."

"మీరా! కారు చక్రాల కింద నిమ్మకాయలు పెడితే నన్ను వెక్కిరించిన మనిషి!"

"అది కారు. ఇది నీ ఉద్యోగం."

"…బొట్టు నుదుటికి పెడతారండీ, పళ్ళకి కాదు. మెత్తటి గుడ్డతో తుడిచి బిగించండి."

"బిగించాను. నొక్కు… లేచింది!"

"హమ్మయ్య! ఇప్పుడు మూత వేసి, దాని మీద పెట్టండి బొట్టు. మీ చేత్తోనే."