లేని పుటను పట్టుకున్న ఆధారమ్మగారు

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిది, జూలై మూడవ తేదీ, సోమవారం ఉదయం మన మానవీయ, సామాజిక శాస్త్రాల పరిశోధన సంస్థలో ప్రూఫ్ రీడరుగా చేరిన ఒకావిడ, ఆ సాయంత్రానికే తమ నియామక పత్రంలోని రెండు అచ్చుతప్పులను ఎర్రసిరాతో దిద్ది కార్యాలయానికి తిప్పి పంపారు. ముప్పై అయిదేళ్ల నిర్విరామ సేవానంతరం నేడు పదవీ విరమణ చేస్తున్న మా సంపాదకురాలిని అసలు పేరుతో గుర్తించేది హాజరు పట్టీ ఒక్కటే. ఎవరేం చెప్పినా "ఆధారం?" అని అడిగే అలవాటు వల్ల మాకందరికీ వారు ఆధారమ్మగారే.

ఈ అలవాటు ఇంటి గడప దగ్గర ఆగేది కాదని వారి శ్రీవారి వల్ల తెలిసింది. పశువైద్యులైన ఆయన ఒకనాడు నాతో మొరపెట్టుకున్నారు. "నా దగ్గరికొచ్చే నోరులేని జీవాలే నయమమ్మా. ఇంట్లో నేను తలనొప్పి అంటే, ఎప్పట్నుంచి, ఏ వైపు, ఎవరు చెప్పారు అంటుంది."

తొలి తొమ్మిదేళ్లూ చరిత్ర, సమాజశాస్త్ర, భాషాశాస్త్ర విభాగాల నుంచి వచ్చిన ప్రతి వ్యాసంలోని ప్రతి పాదసూచికనూ మూలగ్రంథం తెరిచి సరిచూడటమే వారి వ్రతం. ఆ రోజుల్లో మహాపండితులు వారి గది ముందు నుంచి కాక, వెనక మెట్లు దిగి, సైకిళ్ల షెడ్డు చుట్టి భోజనశాలకు వెళ్లేవారంటే అతిశయోక్తి కాదు. పరిశోధకురాలినైన నేనూ అలాగే వెళ్లాను.

పందొమ్మిది వందల తొంభై ఎనిమిదిలో సంస్థ రజతోత్సవ సంచిక అచ్చుకు సిద్ధమైంది. అందులో నాటి డైరెక్టరుగారి వ్యాసానికి ప్రాణం ఒక వాక్యం: "ఈ పట్టణపు స్త్రీలు తూకం చూసే చూపుకు న్యాయాధిపతులు సైతం బెదురుతారు." ఒక పాతకాలపు యాత్రికుడి అచ్చయిన డైరీలో రెండు వందల పద్నాలుగో పుట దీనికి ఆధారమని పాదసూచిక చెబుతోంది. ఆధారమ్మగారు వేరే గ్రంథాలయం నుంచి ఆ పుస్తకం తెప్పించారు. అది నూట ఎనభై ఆరో పుటలోనే ముగిసింది. మరో ముద్రణ ఉందేమోనని విచారిస్తే అది ఒక్కసారే అచ్చయిందని తేలింది. ఆ వాక్యాన్ని ఉటంకించిన సిద్ధాంత గ్రంథాలు ముప్పై ఏడు దొరికాయి. అన్నింటి మూలం వెతుక్కుంటూ వెళ్తే, దారం చివర డైరెక్టరుగారు ఇరవై ఏళ్ల కిందట రాసిన సొంత వ్యాసమే తేలింది.

అచ్చాపీసు మేనేజరు తల పట్టుకున్నారు. "ముప్పై ఏడుమంది పండితులు చూసిన పుటమ్మా అది!"

"చూళ్లేదండీ. ఒకళ్లని చూసి ఒకళ్లు రాసుకున్నారు."

నేను చెయ్యి పట్టుకుని బతిమాలాను. "అక్కా, మీ ప్రమోషన్ ఫైలు ఆయన బల్లమీదే ఉంది. కాస్త ఆగండి."

"ఫైలు ఆగినా పర్లేదమ్మా. అచ్చయ్యాక తప్పు ఆగదు," అని పుస్తకం నా చేతికిచ్చి ముందు నడిచారు.  నేను వెనకే వెళ్లాను.

డైరెక్టరుగారు పుస్తకాన్ని చివరిదాకా తిప్పి, అట్ట వెనక కూడా చూశారు. "మిగతా పుటలు చిరిగిపోయాయేమో."

"కింద 'సమాప్తం' అని ఉంది సార్."

ఆయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు.  "ఆ మాట మా అమ్మమ్మదమ్మా. కూరగాయల బజారులో అనేది. అమ్మమ్మ అంది అని రాస్తే నాకు పట్టా ఎవరిస్తారు? ఎవరూ చదవని పుస్తకం చూసుకుని ఆ యాత్రికుడి నోట్లో పెట్టేశా. ఇరవై ఏళ్లుగా ఎవరో ఒకరు వచ్చి అడుగుతారని భయపడుతూనే ఉన్నా."

ఆధారమ్మగారి ముఖంలో కోపమూ లేదు, గెలుపూ లేదు. కుర్చీ లాక్కుని కలం తీశారు. "అమ్మమ్మగారి పేరు చెప్పండి సార్. ఏ బజారు? ఏ సంవత్సరం? విన్నది మీరొక్కరేనా?"

"మా చెల్లెలు కూడా ఉంది."

"ఫోన్ చేయండి."

చెల్లెలిగారి గొంతు రిసీవరు దాటి గదంతా వినిపించింది. "న్యాయాధిపతులు ఎక్కణ్నుంచి వచ్చారు అన్నయ్యా? అమ్మమ్మ అన్నది పోలీసులు! చిన్నప్పట్నుంచీ నీకు సగమే వినపడుతుంది!"

సంచిక నాలుగు వారాలు ఆలస్యంగా, అమ్మమ్మగారి పేరుతో, పోలీసులతో సహా వెలువడింది. డైరెక్టరుగారు స్వయంగా ఒక పుట క్షమాపణ రాశారు. ఆ ఏడాది ఆయనకు దక్కుతుందనుకున్న పురస్కారం దక్కలేదు. ఆధారమ్మగారి ఫైలుపై మాత్రం ఆ ఫోన్ చేసిన మర్నాడే సంతకం చేశారు, ఆపైన సామాన్యుల మాటలను వారి పేరుతోనే భద్రపరిచే విభాగాన్ని నెలకొల్పారు. తప్పు తెలుపుతూ ముప్పై ఏడుమందికీ లేఖలు వెళ్లాయి. ముప్పై ఒక్కరు కృతజ్ఞతలు తెలిపారు, అయిదుగురు మౌనం వహించారు. ఒకాయన మాత్రం తన దగ్గరున్న ప్రతిలో ఆ పుట భేషుగ్గా ఉందని జవాబిచ్చారు.

తదనంతరం సహాయ సంపాదకురాలిగా, రెండు వేల తొమ్మిది నుంచి సంపాదకురాలిగా వారు మన పత్రికకు తెచ్చిన గౌరవం సర్వవిదితం. "ఇంటర్నెట్‌లో ఉంది మేడమ్" అన్న యువ పరిశోధకులను "ఉంటుంది. ఎవరు పెట్టారు?" అని అడిగి, అలిగినవారిని పక్కన కూర్చోబెట్టుకుని వెతకడం నేర్పారు. నేడు వారిలో ఇద్దరు ఆచార్యులు.

పోయిన వారం మధ్యాహ్న విరామంలో వారి గదికి వెళ్లేసరికి, ఒక నవల ముందు పెట్టుకుని కొంగుతో కళ్లు తుడుచుకుంటున్నారు. కథలో పిల్లకి జ్వరమట. "అక్కా, అది కల్పనే కదా!" అన్నాను.

"అయితే ఏంటమ్మా? పాపం, ఒళ్లు కాలిపోతోంది."

చదవవలసిన నవలలు ఇంకా కొండంత ఉన్నాయట. అవన్నీ తీరిగ్గా, తనివితీరా చదివేటంతటి దీర్ఘాయువునూ, మసకబారని చూపునూ, ఏడ్చినప్పుడల్లా రుమాలు అందించే ఆరోగ్యవంతులైన శ్రీవారి తోడునూ వారికి మనసారా కోరుకుంటున్నాను. ఈ కోరికకు నా దగ్గర ఏ ఆధారమూ లేదు, ప్రేమ తప్ప.