అరుపుల్లో చెబుదామనుకున్న మాట

ప్లెయిన్స్‌బరో నుంచి గంటంబావు దూరంలో ఒక బాస్కెట్‌బాల్ స్టేడియం. 2013 ఫిబ్రవరి, ఆదివారం మధ్యాహ్నం. శ్రీవల్లి, మూడు వారాల కిందట కొత్తగూడెం నుంచి వచ్చిన ఆమె మామగారు, భర్త ఫణి తండ్రి వీరభద్రం. రెండో క్వార్టర్ నడుస్తోంది.

“కూర్చోండి మామయ్యా.”

“కూర్చున్ననే.”

“లేదు, సగం లేచి ఉన్నారు. వెనకాయన రెండుసార్లు అడిగాడు.”

“ఏమని?”

“ఆట కనపడట్లేదని.”

“ఆయన ఆట ఎక్కడ చూస్తున్నడమ్మా? ఫోన్ చూస్తున్నడు. ఫోన్‌కు నేనేం అడ్డం?”

“కాస్త మెల్లగా.”

“ఇంత పెద్ద స్టేడియంల మెల్లగ మాట్లాడాల్నా?”

“అందరూ మెల్లగానే ఉన్నారుగా మరి.”

“అదే అడుగుతున్న, ఎందుకున్నరు? ఇందాక ఆ పొట్టి పిల్లగాడు ముగ్గురిని తప్పించుకొని బాల్ వేసిండు. మా స్కూల్ గ్రౌండ్‌ల అట్ల వేస్తే గోడ మీద కూర్చున్నోళ్ళు కిందికి దూకేటోళ్ళు. ఇక్కడ ఒక్కాయన చప్పట్లు కొట్టిండు. అదీ పాప్‌కార్న్ డబ్బా ఒళ్ళ పెట్టుకొని, రెండు వేళ్ళతోని.”

“మీకు చలేస్తోందా? జాకెట్ వేసుకోండి.”

“చలి లేదు. టికెట్ ఎంతమ్మా?”

“మళ్ళీ మొదలెట్టారా.”

“పొద్దుటి నుంచి అడుగుతున్న. చెప్తలేవు.”

“ఆఫీస్‌లో డిస్కౌంట్ వచ్చింది.”

“డిస్కౌంట్ పోను?”

“నూట అరవై డాలర్లు.”

“ఇద్దరికా?”

“అదిగో చూడండి, టైమౌట్ తీసుకున్నారు.”

“వల్లీ. ఇద్దరికా?”

“ఒక్కొక్కరికి.”

“అంటే ఎనిమిదిన్నర వేలు. ఒక్కొక్కరికి.”

“రూపాయల్లోకి మార్చకండి మామయ్యా. అలా లెక్కేస్తే ఇక్కడ కాఫీ కూడా తాగలేం.”

“సరే, మార్చను. మరి ఈ ముందు రెండు వరసలోళ్ళు ఎటు పోయిన్రు? ఆట మొదలైన పది నిమిషాలకే లేచి పోయిన్రు. ఇంకా రాలే.”

“లోపల క్లబ్ ఉంటుంది. ఆ టికెట్లలో భోజనం కలిపే ఉంటుంది. తినేసి వస్తారు.”

“ఆట నడుస్తుంటేనా?”

“అవి కంపెనీల సీట్లు. క్లయింట్లని తీసుకొస్తుంటారు. మా కంపెనీకీ నాలుగున్నాయి. మా మేనేజర్ ఆదివారం ఇక్కడ కూర్చుని, ఎవరు గెలిచారని సోమవారం మమ్మల్ని అడుగుతాడు.”

“మరి ఆట కోసం వచ్చేటోళ్ళు ఏరి?”

“టీవీలో చూసుకుంటారు. మా ల్యాబ్‌లో కీత్ అని ఒకతను ఉన్నాడు. పదేళ్ళ పాటు పిల్లల్ని తీసుకొచ్చేవాడట. ఇప్పుడు నలుగురు రావాలంటే పార్కింగ్‌తో కలిపి నెల అద్దెలో సగం అవుతోంది. మానేశాడు.”

“చూసినవా? అరిచేటోణ్ణి బయట పెట్టి, అరవనోణ్ణి లోపల కూర్చోబెట్టిన్రు. ఆ చప్పుడేంది?”

“ఏది?”

“చప్పట్లు. ఎవ్వరూ కొడతలేరు. చప్పట్లు మాత్రం ఇనొస్తున్నయి.”

“స్పీకర్లు మామయ్యా. రికార్డింగ్ వేస్తారు.”

“ఆ బోర్డు మీద ఏం రాసిన్రు? ఎర్రగ మెరుస్తున్నది.”

“గోల చేయండి అని.”

“అది కూడ రాసి చూపియ్యాల్నా.”

“మామయ్యా, మీతో ఒక మాట...”

“ఆఁ, చెప్పు.”

“ఏం లేదు. ఆకలేస్తోందా?”

“ఇది నాలుగోసారి.”

“ఏది?”

“ఒక మాట అనుడు, ఏం లేదనుడు. కార్‌లో ఒకసారి. పార్కింగ్‌ల ఒకసారి. లోపలికొచ్చినంక రెండుసార్లు.”

“నిజంగా ఏం లేదు. ఫణి నిన్న ఫోన్ చేశాడు, అది చెబుదామని. ఫీనిక్స్‌లో ప్రాజెక్ట్ ఇంకో నెల ఎక్స్‌టెండ్ చేశారట.”

“ఊఁ.”

“ఈ వీకెండ్ కూడా రాలేకపోయానని బాధపడ్డాడు.”

“సరే. పైన ఎవరో అరుస్తున్నరు, ఇన్నవా?”

“మీరు బీపీ మాత్రలు వేసుకుంటున్నారా అని కూడా అడిగాడు.”

“వేసుకుంటున్న. అదిగో, మళ్ళ. కప్పు దగ్గర. ఏదో వాయిస్తున్నరు.”

“అవి చవక సీట్లు. ఇరవై, పాతిక డాలర్లు ఉంటాయి.”

“అక్కడ ఖాళీలు కనపడుతున్నయి. పోవచ్చా?”

“నూట అరవై పెట్టిన సీటు వదిలేసి అక్కడికా? అక్కణ్ణుంచి మనుషులు చీమల్లా కనపడతారు.”

“ఎట్ల కనపడితే ఏంది? ఇక్కడ కూర్చుంటే నాకు కాళ్ళు గుంజుతున్నయి. నువ్వు కూర్చో, నేను పోతున్న.”

“ఒక్కరే ఎలా వెళ్తారు? ఆగండి, నా బ్యాగ్... ఎక్స్‌క్యూజ్ మీ, సారీ... ఆగండి మామయ్యా.”

పై అంతస్తు, చివరి నుంచి మూడో వరస. నాలుగో క్వార్టర్ ఆఖరి నిమిషాలు.

“ఇప్పుడు స్టేడియంకు వచ్చినట్టున్నది.”

“ఏంటీ?”

“ఇది స్టేడియం అంటున్న.”

“వినపడట్లేదు. ఆయన ఆ కుర్చీల మీద వాయించడం ఆపితే కదా.”

“ఆయన పేరు రే. మన దగ్గర పిలిచే రే కాదు, పేరే అది. పోస్టాఫీసుల చేస్తడంట. పంతొమ్మిది ఏండ్ల నుంచి వస్తున్నడంట. మొదట్ల మనం కూర్చున్న కాడనే కూర్చునేటోడంట. రేటు పెంచినప్పుడల్లా కొంచెం కొంచెం పైకొచ్చిండు. ఇంకోసారి పెంచితే కప్పు మీదికి ఎక్కి కూర్చుంట అంటున్నడు.”

“ఇవన్నీ ఎప్పుడు మాట్లాడారు?”

“నువ్వు బాత్రూంకు పోయినప్పుడు. చాలాసేపు పోయినవు కద. కండ్లెందుకు అంత ఎర్రగున్నయి?”

“ఈ లైట్లకి.”

“ఊఁ. స్కోర్ చూడు. మనోళ్ళు రెండు పాయింట్లే వెనక. ఇంకా రెండు నిమిషాలున్నయి. కింద చూడు, లేచి పోతున్నరు.”

“ట్రాఫిక్‌లో ఇరుక్కుంటామని ముందే వెళ్ళిపోతారు.”

“రెండు పాయింట్లు వల్లీ. ముప్పై ఒక్క ఏండ్లు డ్రిల్ మాస్టర్‌గ చేసిన, ఇట్లాంటి టైంల లేచిపోయినోణ్ణి ఒక్కణ్ణి చూడలే. మా దగ్గర మ్యాచ్ నడుస్తుంటే షిఫ్ట్ సైరన్ కొట్టినా బొగ్గుబావి కార్మికులు కదిలేటోళ్ళు కాదు. జీతం కోసుకోమను సార్, ఇది చూసినంకనే దిగుతం అనేటోళ్ళు. నువ్వు కూడ అరువు. ఊకె కూర్చుంటే ఎట్ల?”

“నాకు అరవడం రాదు.”

“రాకపోవుడేంది? నోరు తెరువు, వస్తది.”

“మామయ్యా, ఫణి—”

“ఏంది?”

“ఫణి ఫీనిక్స్‌లో లేడు.”

“ఇనపడ్తలేదమ్మా. గట్టిగ చెప్పు.”

“ప్రాజెక్ట్ లేదు, ఏమీ లేదు. నేను అబద్ధం—”

“ఆగు ఆగు, ఫౌల్ ఇచ్చిండు. చూడు, చెయ్యి మీద కొట్టిండు, నేను ఇక్కణ్ణుంచి చూసిన. ఆఁ, ఏమంటున్నవు?”

“ఫణి వెళ్ళిపోయాడు మామయ్యా. నన్ను వదిలేసి ఇంట్లోంచి వెళ్ళిపోయాడు.”

“కూర్చో.”

“ఏంటిది, అందరూ ఒక్కసారి ఆగిపోయారు?”

“ఫ్రీ త్రో. ఫౌల్‌కు రెండు ఇస్తరు. మనోడు వేస్తున్నప్పుడు మనోళ్ళు చప్పుడు చెయ్యొద్దు.”

“అందరూ నన్నే చూస్తున్నారు.”

“చూడనీ. వాళ్ళకు తెలుగు రాదు. కూర్చో అమ్మా.”

“ఆ రే కూడా చూస్తున్నాడు.”

“ఏడుస్తున్నవు కాబట్టి చూస్తున్నడు. అదిగో, టిష్యూలు ఇస్తున్నడు, తీసుకో. థాంక్యూ సార్, థాంక్యూ. కూర్చున్నవా? మంచిది. ఎప్పుడు పోయిండు?”

“దీపావళికి వారం ముందు. జెర్సీ సిటీలో అపార్ట్‌మెంట్ తీసుకున్నాడు. అక్కడ... అతనొక్కడే ఉండట్లేదు.”

“ఊఁ.”

“మీరు వస్తున్నారు కదా, మీ నాన్నకి నువ్వే చెప్పు అని అతనికి ఎన్ని మెసేజ్‌లు పెట్టానో. ఒక్కదానికీ జవాబు లేదు. ఎయిర్‌పోర్ట్‌లో మిమ్మల్ని చూడగానే చెప్పేద్దామనుకున్నాను. మీరు ట్రాలీ తోసుకుంటూ వచ్చి, వల్లీ, అన్నం తిన్నవా అన్నారు. ఇంక నోరు రాలేదు.”

“నువ్వు తినలేదు ఆ రోజు.”

“ఇంట్లో చెబుదామంటే ఇల్లంతా నిశ్శబ్దం. చెబితే మీరేదో అంటారు, అది వినాలి. సర్దుకుపొమ్మంటారేమో. నీ తప్పేంటి అని అడుగుతారేమో. ఇక్కడైతే గోలగా ఉంటుంది, చెప్పేస్తాను, మీరేమన్నా నాకు వినపడదు అనుకున్నాను. అందుకే ఆ టికెట్లు కొన్నాను. తీరా వచ్చి చూస్తే కింద పరీక్ష హాల్లా ఉంది.”

“దానికోసం మూడు వందల ఇరవై పెట్టినవా?”

“మామయ్యా.”

“ముందే పైకొస్తే యాభైల అయిపోయేది కద.”

“నవ్వించకండి. నాకిప్పుడు నవ్వు రాకూడదు.”

“మీ అమ్మకు చెప్పినవా?”

“లేదు. ఎవరికీ చెప్పలేదు. మీకు కూడా ఇంకో వారం ఆగుదామనిపించింది.”

“ఎందుకు?”

“ఇన్నాళ్ళూ ఆఫీస్ నుంచి వస్తే తాళం తీసి, చీకట్లో స్విచ్ వెతుక్కునేదాన్ని. ఈ మూడు వారాలూ కార్ పార్క్ చేస్తుంటేనే మన కిటికీలో లైటు కనపడుతోంది. చెబితే మీరు వెళ్ళిపోతారు కదా. అతని దగ్గరికో, కొత్తగూడెమో.”

“రెండోది కూడ పడ్డది. స్కోర్ సమానం.”

“నేను చెప్పింది మీకు అర్థమైందా అసలు?”

“అయింది.”

“మరి ఏమీ అనరేంటి? కోపం రాదా? ఆశ్చర్యం కూడా లేదు. అసలు మీరు వచ్చినప్పటి నుంచి ఒక్కసారి కూడా ఫణి ఎప్పుడొస్తాడని అడగలేదు. రోజూ ఏదో ఒకటి అల్లుకుని రెడీగా ఉండేదాన్ని. మీరు అడగరు. చివరికి నేనే ఎత్తి చెప్పేదాన్ని.”

“అడిగితే నీతోని ఇంకో అబద్ధం చెప్పించినట్టయితది.”

“ఇంకో అబద్ధమా? అంటే మీకు...”

“నీళ్ళు తాగు.”

“మామయ్యా, మీకు ముందే తెలుసా?”

“తాగు ముందుగాల.”

“ఎవరు చెప్పారు?”

“వాడే. జనవరి మొదట్ల ఫోన్ చేసిండు. అంతా చెప్పిండు, దాచలే. నీ టికెట్ క్యాన్సిల్ చేసుకో నాన్నా అన్నడు.”

“మీరు చేసుకోలేదు.”

“చేసుకుందామనే అనుకున్న. ట్రావెల్స్ అతనికి ఫోన్ కూడ చేసిన. ఈ మొహం పెట్టుకొని నీ ముందుకెట్ల రావాలె అని.”

“మరి?”

“మళ్ళ రెండు రోజులకు వాడు ఫోన్ చేసిండు, క్యాన్సిల్ చేసినవా అని. ఇంకా లేదురా అన్న. ఆ ఇంట్ల ఇప్పుడు మనోళ్ళెవరూ లేరు నాన్నా, ఎవరి కోసం పోతవు అన్నడు. ఆ మాట ఇన్నంకనే నేను బట్టలు సర్దుకున్న.”