మోషే కాలికి పసుపుతాడు

తీసుకెళ్ళడానికి వచ్చారు సరే, ఎలా తీసుకెళ్తారండీ అయ్యగారూ? ముందు దాని కాలు చూడండి. అటు కాదు, ఎడంకాలు. పసుపుతాడు కనపడిందా? దానికో పసుపుకొమ్ము కూడానూ! నెత్తిన కుంకుమబొట్టు. రేపు కోత పండక్కి మన ప్రార్థన మందిరం ముందు వేలం వేయాల్సిన పుంజు ఇది. దీని కాలికి పోలేరమ్మ మొక్కుతాడేమిటి, చోద్యం కాకపోతే!

కూర్చోండి. ఆ కుర్చీ ఊగుతుంది గానీ పడదు. ఆ సంచీ కాస్త పక్కన పెట్టండి బాబూ, మోషే బెదిరిపోతున్నాడు. టీ పెట్టే ఉంచాను.

అంతా ఈ పక్కింటి రాజ్యంతో వచ్చిన తంటా. కాలనీలో లాటరీ తీసి ఇళ్ళిచ్చినప్పుడు మన సంఘంవాళ్ళు ఇంతమంది ఉన్నారు కదా, ఒక్కళ్ళయినా నా పక్కకి వచ్చారా? వారానికి మూడు పూజలు చేసే మనిషి వచ్చింది. మధ్యలో గోడ ఉందంటే ఉంది, మోకాలెత్తు. పుంజుకి గోడేమిటి, మతమేమిటి? పొద్దున నా దగ్గర నూకలు, మధ్యాహ్నం ఆవిడ దగ్గర పెరుగన్నం. నేను మోషే అంటే వస్తాడు, ఆవిడ బంగారం అంటే పరిగెత్తుతాడు.

నవ్వకండి. వానాకాలం సైడుకాలవలో కొట్టుకుపోతుంటే నేనే దిగి తీశాను. అప్పుడు పిల్ల, నా గుప్పెట్లో పట్టేది. నీళ్ళలోంచి తీసినవాడికి మోషే అని కాక ఇంకేం పెడతాను? మోషే అంటే అదే అర్థమని ప్రసంగంలో చెప్పింది మీరే కదా!

అసలు తప్పంతా మీ మైకుదండీ. సరే, నాదే అనుకోండి. కంటి ఆపరేషనయ్యాక మొదటిసారి మందిరానికొచ్చిన రోజు దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమన్నారు, గుర్తుందా? నాకన్నా ముందు సంఘపెద్ద ఎలీషాగారు లేచి, కోత పండక్కి బస్తా మిరపకాయలిస్తానన్నారు. మహిమ టీచరేమో ఫ్యానిస్తానంది. ఒకటే చప్పట్లు. ఆ తర్వాత మైకు నా చేతికొచ్చింది. ఒళ్ళు తెలిస్తేగా నాకు! "దేవుడు నాకు చూపిచ్చాడు, నేను నా మోషేని ఇచ్చుకుంటున్నాను" అనేశాను.

ఎలీషాగారికి కొట్టినదానికన్నా గట్టిగా కొట్టారు చప్పట్లు. అబద్ధమెందుకు, బాగుంది నాకు. ఇంటికొచ్చేదాకా బాగానే ఉంది. గేటు తియ్యగానే మోషే ఎగిరొచ్చి భుజమెక్కాడు. అప్పటికి గానీ ఏమన్నానో నాకు తెలిసిరాలేదు.

వేలంలో పాడుకున్న పుంజులు ఏమవుతాయో నాకు తెలీదా? పోయినేడు మధ్యాహ్నానికే పులుసయ్యాయి. మీకూ వచ్చింది గిన్నెడు, నాకూ వచ్చింది. తిన్నాను, బాగుంది. వేరేవాళ్ళ పుంజు కదా.

ఎందుకలా చూస్తారు? తాడు రాజ్యమే కట్టిందా అనా? మరి ఈ వీధిలో పోలేరమ్మకి మొక్కేవాళ్ళు ఇంకెవరున్నారు?

అబ్బ, అలా చూడకండి బాబూ. చెప్తాను.

రాజ్యం కట్టలేదు. ఆ వేళకి ఆవిడ ఊళ్ళోనే లేదు. వాళ్ళాయన వెంకటనారాయణకి సోమవారం గుండెల్లో నొప్పొస్తే గుంటూరు తీసుకెళ్ళారు. తులసికి నీళ్ళు పోయమని తాళాలు నా చేతిలో పెట్టి వెళ్ళింది. పోశాను, ఆ మాట నిలబెట్టుకున్నాను. బుధవారం మధ్యాహ్నం ఆవిడ దేవుడి గూట్లోంచి పసుపుతాడు తీసి, కొమ్ము కట్టి, మోషే కాలికి ముడేసింది నేనేనండీ. ఈ చేతులతోనే. బొట్టూ నేనే పెట్టాను.

విగ్రహానికి అర్పించింది మందిరంలోకి రానివ్వరు కదా? మీరొచ్చి చూస్తారు, ఛీ అని వెళ్ళిపోతారు, పండగ దాటాక తాడు తెంపేద్దామనుకున్నాను. నేను మాట తప్పినట్టూ ఉండదు, వాడి ప్రాణమూ దక్కుతుంది. మా గొప్ప ఆలోచన! బైబిలు చదివినందుకు ఇదీ నాకొచ్చిన తెలివి.

ఒక్క పుంజు కోసమా అనుకుంటారేమో. మా ఆయన జయరావు పోయి నాలుగేళ్ళు. ఈ ఇంట్లో నాకోసం ఎదురుచూసే ప్రాణి వాడొక్కడే. ఉదయ ప్రార్థనకి అందరికన్నా ముందు పున్నమ్మే వస్తుందని మెచ్చుకుంటారు చూడండి, అది నా భక్తి కాదండీ, వాడి కూత. వాడు లేకపోతే ఎందుకు లేవాలో కూడా నాకు తెలీదు.

ఉండండి, అసలుది ఇంకా చెప్పలేదు.

నిన్న సాయంత్రం గుంటూరు నుంచి వచ్చేశారు వాళ్ళు. స్టెంట్ వేశారట. ఆయన తన కాళ్ళ మీద నడిచొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. రాజ్యం ఆటో దిగుతూనే గోడ మీదున్న పుంజుని చూసింది. చేతిలో సంచీ జారిపోయింది. బుధవారం మధ్యాహ్నం ఆయన్ని ఆపరేషను గదిలోకి తీసుకెళ్తుంటే, గది బయట నిలబడి, "తల్లీ పోలేరమ్మా, ఈ మనిషిని ఇంటికి నడిపించు, మా గోడ మీద పుంజుని నీకిచ్చుకుంటాను" అని మొక్కుకుందట. మనసులోనే. ఎవరికీ చెప్పలేదట. తీరా వచ్చి చూస్తే మొక్కుతాడు కట్టే ఉంది!

పరిగెత్తుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "పున్నమ్మక్కా, పుంజు నీది. ఆ తాడు నువ్వు కట్టావా? నువ్వు కట్టుంటే చెప్పు, వేరే పుంజుని కొనుక్కొచ్చి మొక్కు తీర్చుకుంటాను. అమ్మే కట్టుకునుంటే మాత్రం దీన్నే ఇవ్వాలి" అంది.

విన్నారా అయ్యగారూ? నేనే కట్టానే అంటే చాలు. ఒక్క ముక్క. అదీ నిజమే కూడానూ! నా పుంజు నాకుండేది.

కానీ ఆవిడ మొహం చూశాను. ఇన్నాళ్ళూ నిద్రలేని మొహం. అమ్మ నా మాట విందక్కా, నా మొర విందక్కా అని అదే అదే అంటోంది. వెనకాల అరుగు మీద ఆయన మంచినీళ్ళు తాగుతున్నాడు. మా ఆయన్ని ఆసుపత్రిలో పెట్టినప్పుడు నేనూ మొక్కుకున్నాను, మోకాళ్ళు కాయలు కాసేలా. మా ఆయన్నలా ఎవరూ నడిపించి పంపలేదు. ఈవిడకి దొరికిందాన్ని నా నోటితో ఎలా పడగొట్టను?

"అమ్మవారేనే రాజ్యం, ఇంకెవరు కడతారు" అన్నాను.

నేనేనండీ. నలభయ్యేళ్ళ కింద బాప్తిస్మం తీసుకున్న పున్నమ్మ. తిట్టండి. సంఘం ముందు నిలబెడతారా, నిలబడతాను. మైకు మాత్రం ఇవ్వకండి.

పోలేరమ్మ కొలుపు మంగళవారమట, డప్పులతో బలి. పొద్దున్నే వాడికి స్నానం చేయించి తీసుకెళ్తారట. నీ చేత్తో నాలుగు గింజలు పెట్టి పంపించక్కా అని అడిగింది రాజ్యం. సరే అన్నాను, ఏం చేస్తాను?

మన ఉపవాస ప్రార్థన కూడిక శుక్రవారం కదండీ. ఈ ఒక్క వారానికి మంగళవారం పెట్టండి. తెల్లారకముందే మొదలెట్టి చీకటి పడ్డాక వదలండి. ఎవరూ రాకపోయినా ఫర్వాలేదు, పాటలు నేను పాడతాను. గొంతు పోయేదాకా పాడతాను. ఆ డప్పులు మాత్రం నాకు వినపడకూడదు.