అంటుకత్తిలో తలనూనె

కత్తి చెడితే చేతిదే తప్పన్నారు. బాగానే ఉంది. రేపు కుండ చిల్లుపడితే దాహానిదే తప్పంటారు.

అలా నిలబడ్డావేం వదినా? కూర్చో. ఈ తొట్టి బోర్లించింది నీకోసమే. షెడ్డులోకి ఇప్పుడెవరూ రారులే. మొక్కలకి నీళ్లుపోసే ఆవిడేమో లారీ డ్రైవరు వస్తాడని గేటు దగ్గర జడ సర్దుకుంటోంది. గుమాస్తా దగ్గుతూనే కునుకు తీస్తున్నాడు, ఆ విద్య ఆయనొక్కడికే వచ్చు.

ఏ చుట్టరికమూ లేకుండానే ఇన్నేళ్లుగా వదినా వదినా అనుకుంటున్నాం కదా. ఈ కాస్త పని నీ ముందు చేద్దామనిపించింది.

ఇదిగో, నా అంటుకత్తి, మడిచే ఉంది. ఈ స్క్రూలు ఊడదీస్తే పిడి పక్క చెక్క వచ్చేస్తుంది. చూశావా, ఎంత తేలిగ్గా వచ్చిందో? మనుషులు కూడా ఇలా ఊడివస్తే, ఊళ్లోవాళ్ల మీద కథలల్లే పని నాకుండేది కాదు.

నేను కట్టిన నిమ్మ అంట్లు వరసపెట్టి ఎండిపోయాయి కదా. కట్టినచోట నల్లబడి, వేలు తగిలితే కొమ్మ ఊడొచ్చేది. యజమాని చూడ్డానికొచ్చాడు. ఆయన నడక నీకు తెలిసిందే, వచ్చేలోపు ఇంకో వరస ఎండే ఉంటుంది. చూసి, నన్ను అంట్లబల్ల మీంచి లేపి, సంచుల్లోకి మట్టి నింపుకోమన్నాడు. నేను! నోరు పారేసుకుంటానేమో గానీ చెయ్యి ఎప్పుడైనా పారేసుకున్నానా?

సరే, విను. నాకు జ్వరమొచ్చినప్పుడు మంచం పక్కన కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ వేసిందెవరు? నువ్వే. మరిచిపోను. "కత్తి గురించి దిగులు పడకు వదినా, తుప్పు పట్టకుండా తుడిచి పెడతాలే" అన్నదీ నువ్వే. మనలో ఒకరి కత్తి ఒకరు ముట్టరు. పళ్లు తోముకునే బ్రష్షయినా ఇస్తారు గానీ అంటుకత్తి ఇవ్వరు. నేను ఇచ్చాను. పెట్టె తాళంచెవి దిండుకింద నుంచి తీసి మరీ ఇచ్చాను.

మంచినీళ్లు కావాలా? వద్దా. సరే.

ఇది స్ప్రింగు. దీని కింద చూడు. వేలు పెట్టకు, ఊరికే చూడు. నల్లటి బంక. వాసనొస్తోందా? నేను మంచి కొమ్మ తప్ప కోయను. ఇది కుళ్లిన చెట్టు జిగురు. నేను మంచంలో ఉన్న ఆ వారమే వెనక తోటలో తెగులు నిమ్మచెట్టు కొమ్మలు కొట్టేయమని యజమాని ఎవరిని పంపాడు?

తెగులు కోసిన కత్తి మంచి మొక్కకి తగిలితే దాని పనీ అంతేనని పనిలో చేరిననాడే చెప్తారు. నీ కత్తేమో కొత్తది, తళతళలాడుతోంది. దాన్ని ఆ చెట్టుకి తగిలించడానికి మనసు రాలేదు. నాది పాతది కదా, పోతే పోయింది.

ఎవరైనా తీసి ఉండొచ్చంటావా? అను. అనడానికేం, నేను ఊరందరి మీదా అంటూనే ఉంటాను.

ఇప్పుడు ఈ వాషరు చూడు. కత్తి అలుగు తిరిగే ఇరుసు దగ్గర ఉంటుంది. ఇక్కడ నేను కుట్టుమిషను నూనె తప్ప వేయను. దీన్ని ముక్కు దగ్గర పెట్టుకో. ఏం వాసన? గులాబీ. ఈ నర్సరీలో గులాబీ తలనూనె రాసేది నువ్వొక్కదానివే. నువ్వు మలుపు తిరక్కముందే నీ జడ వచ్చి పలకరించి పోతుంది.

తెగులు కొమ్మలు కోశావు. అలుగు తుడిచావు, బాగానే తుడిచావు, మెరిసింది. ఇరుసు కిర్రుమంది. చేతిసంచిలో తలనూనె సీసా ఉంది కదా అని స్క్రూలు విప్పి, ఒక చుక్క వేసి మళ్లీ బిగించావు. మేలు చేద్దామనే వేసుంటావు. తలనూనె జిడ్డుకట్టి బిగుసుకుంటుందనీ, కుళ్లంతా దాంట్లో చిక్కుకుని కత్తి తెరిచినప్పుడల్లా అలుగు మీదికి పాకుతుందనీ నీకు తోచలేదు.

ఇక్కడిదాకా నాకు కోపం లేదు వదినా. ఒట్టు.

నా మొక్కలు ఎండుతుంటే పక్క బల్ల మీంచి రోజూ చూశావు. అప్పుడైనా చెవిలో ఒక్క ముక్క వేస్తే, కత్తి కడుక్కునేదాన్ని. నిన్ను నాలుగురోజులు ఆటపట్టించి వదిలేసేదాన్ని. నువ్వు యజమాని దగ్గరికెళ్లి, "వదిన హస్తవాసి పోయిందండీ, పాపం" అన్నావు. పాపం అని కూడా చేర్చావు చూడు, అది ఎక్కడో తగిలింది. మర్నాడే నా బల్ల దగ్గర నువ్వు కూర్చున్నావు.

కళ్లు తుడుచుకో. ఈ ముక్కలు కడిగే కిరసనాయిలు ఘాటు అనుకుంటాలే.

ఈ బ్రష్షుతో మూలమూలలా తోమాలి. ఆ తర్వాత పొడిగుడ్డ. తడి లేదనుకున్నాక మళ్లీ ఒకసారి పొడిగుడ్డ. వాషరు, అలుగు, ఇంకో వాషరు. స్ప్రింగును బొటనవేలితో అదిమిపట్టి చెక్క మూయాలి, లేకపోతే ఎగిరి పోతుంది. స్క్రూ మరీ బిగిస్తే అలుగు కదలదు, వదులైతే ఊగుతుంది. మధ్యలో ఎక్కడో ఆపాలి. ఒక్క చుక్క మిషను నూనె. ఇదిగో, విను. టక్. ఎంత హాయిగా మూసుకుందో.

యజమానికి ఎప్పుడు చెబుతానా అని చూస్తున్నావు కదూ? పొద్దున్నే చెప్పేశాను.

కూర్చో, కూర్చో. అప్పుడొకసారి విప్పి, ముక్కలన్నీ కాగితంలో పొట్లం కట్టి తీసుకెళ్లాను; నీకూ చూపించాలని కడక్కుండానే మళ్లీ బిగించాను. వాషరు ఆయన ముక్కు దగ్గర పెట్టి, జ్వరం నుంచి గులాబీదాకా వరసగా చెప్పాను. ఒక్క ముక్క కల్పించలేదు. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. గుమాస్తాను లేపి మరీ పిలిచి, మొదట్నుంచి మళ్లీ చెప్పమన్నాడు. చెప్పాను. ఇద్దరూ నవ్వారు. "నీ కథలకి తిరుగులేదమ్మా. ఈసారి తలనూనె దగ్గర చంపేశావు" అన్నాడు.

నేనూ నవ్వాను. ఏం చెయ్యను? ఉన్నదున్నట్టు చెప్పింది ఈ ఒక్కసారే, ఇంతగా ఎప్పుడూ నవ్వలేదు వాళ్లు.

లే వదినా. పోయి నీ అంట్లు కట్టుకో, నీ బల్ల ఎక్కడికీ పోదు.

కత్తా? నా దగ్గరే ఉంటుంది. నాకిక మట్టిపనే కదా, ఎరువు బస్తాల మూతికి కట్టిన పురికొస కోసుకోవాలి.